ఏడేళ్ళ పాపకు ముసలి ఆయాసం

యుద్ధం రోజుల్లో బెంగళూరు పేటలో ఇంటింటికీ సైకిలు మీద తిరిగి వైద్యం చేసేవాణ్ణి. వానలు పడితే చిన్నపిల్లల దగ్గులు. ఎండలు ముదిరితే బడిపిల్లల సెగ్గడ్డలు. చలికాలం చిక్కుడులాంటి అనపకాయలు సంతలోకి దిగాయంటే పడుచువాళ్ళకు కడుపునొప్పి, ముసలివాళ్ళకు ఆయాసం. ఏ నెలలో ఎవరు మంచం ఎక్కుతారో తలుపు తట్టకముందే చెప్పగలిగేవాణ్ణి. అయినా నాకు దక్కిన మర్యాద వినండి.

ఒక వానాకాలం నేతపని వాళ్ళ ఇంటికి పిల్లల దగ్గు చూడబోయాను. ఇంటి పెద్దాయన మగ్గం గుంటలో కూర్చుని నస్యం పీలుస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈయప్ప డాక్టరా? ఇంకో రోగి అనుకొంటినే! నాకేమన్నా అయితే ఈ పిల్లోన్ని మటుకు పిలవొద్దండి."

ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్విన వాళ్ళ మొహాలన్నీ నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ చలికాలమే ఒక ఉదయం అదే ఇంటినుంచి కబురు వచ్చింది. ఏడేళ్ళ మనవరాలికి ఆయాసమట. వెళ్ళేసరికి పాప మంచం మీద కూర్చుని ఉడికిన అనపకాయలు ఒలుచుకుని తింటోంది. పెద్దాయన కోడలు పక్కన నిలబడి చెప్పింది.

"రాత్రంతా పండుకోలేదు సామీ. కూర్చోనే ఉండాది. ఎదలో ఒకటే పిల్లికూతలు."

"ఎన్నాళ్ళుగా?"

"ప్రతి చలికాలమూ ఇంతే. ఇరవై ఏండ్లుగా..." అని నాలుక కరచుకుంది.

గదికి అడ్డంగా కట్టిన చీర వెనకనుంచి ఈల లాంటి ఊపిరి వినిపిస్తూనే ఉంది.

"అట్లయితే పాపకు నస్యం మాన్పించండి," అన్నాను గట్టిగా. "మగ్గం గుంటలో కూర్చోనీయకండి."

"నస్యం మానేది లేదు పో!" అని చీర వెనకనుంచి కేక. వెంటనే దగ్గు.

పాప పకపకా నవ్వింది. "నేను మానేస్తాలే తాతా!"

పెద్దాయన తన నోటితో పిలిస్తే తప్ప లోపలికి పోకూడదని నా పట్టు. పిలవకూడదని ఆయన పట్టు. కాని దగ్గిన తర్వాత ఆయన పీల్చబోయిన ఊపిరి గొంతు దాటడం లేదు. ఇక ఆగలేక చీర తప్పించి లోపలికి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"వీపు చూసుకో. మాట్లాడేదేమీ లేదు."

సూది వేసి పక్కనే కూర్చున్నాను. మెల్లగా ఈల తగ్గింది, బిగుసుకున్న భుజాలు దిగాయి. నాకు ఎంత సంతోషం కలిగిందో ఆయనకు మాత్రం చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఆ వీధిన పోతూ చూస్తే ఆయన అరుగు మీద కూర్చుని నలుగురికీ చెబుతున్నాడు. "మా పాపకు భలే ఆయాసం వచ్చిండె. ఈ డాక్టరే బాగు చేసినాడు. పిల్లోళ్ళకైతే పిలవచ్చప్పా."

సైకిలు ఆపి, అందరి ఎదుటా ఆయన ఎదమీద స్టెతస్కోపు పెట్టాను.

"పాప ఎట్లా ఉంది?" అని అడిగాను.

ఆయన నిండుగా ఊపిరి పీల్చి వదిలాడు.

"బాగుండాది."