ఇస్త్రీ అక్క నడుము

హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆమెని అందరూ అక్కా అనే పిలుస్తారు. ఎడమ మోకాలు స్టూలు మీద ఆనించి, నడుము వంచకుండా మడతలు పెడుతుంది. నడుంనొప్పికి తీయించిన ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే కనబడేసరికి సూపర్‌వైజరు, "నాటకాలాపు, లేదా పని మానెయ్" అన్నాడు. జారిన డిస్కు ఎక్స్‌రేలో కనబడదంటూ డాక్టరు ఎమ్మారై స్కాన్ రాశారు. వెల్లకిలా పడుకుంటే ఆమెకి ప్రాణం పోయినంత పనవుతుంది.

"కదిలితే బొమ్మ చెదిరిపోతుందమ్మా. తట్టుకోలేకపోతే ఈ బజర్ నొక్కండి" అన్నాడు టెక్నీషియన్.

మెషీను దడదడలాడినంతసేపూ ఆమె కొయ్యదుంగలా పడుకుంది.

"ఒక్కసారీ నొక్కలేదే! ఎలా ఓర్చుకున్నారు?" అన్నాడతను, బల్లని బయటికి లాగుతూ.

"ఓర్చుకోవడమా! లోపలున్నంతసేపూ మా సూపర్‌వైజర్ని తిట్టుకుంటూనే ఉన్నా. బొమ్మ సరిగ్గా రాకపోతే చెప్పు నాయనా, మళ్ళీ పడుకుంటా. తిట్లింకా మిగిలే ఉన్నాయి."