కళ్ళంలో హాట్‌పాట్

చైనాలో ఎంబీబీఎస్ చదివి ఊరికి తిరిగొచ్చాక అందరూ నన్ను ఒక్కటే అడిగారు: "పాములు తిన్నావా?" చోంగ్‌చింగ్‌లో ఆరేళ్ళున్నాను. అక్కడి కొండలు, పొగమంచు, నా గదిలో ఉండే చైనా అమ్మాయి, మొదటిసారి కాన్పు చూసి నేను ఏడవడం, ఇవేవీ ఎవరికీ పట్టలేదు. పైగా ఇక్కడ వైద్యం చెయ్యడానికి రాయాల్సిన పరీక్ష రెండుసార్లు పోయింది. "చైనా సరుకు కదా, గ్యారంటీ ఉండదు" అని పెదనాన్న కళ్ళం దగ్గర కూలీలతో అని నవ్వేవాడు. నేనూ నవ్వేసి, లోపలికెళ్ళి పుస్తకం తెరిచేదాన్ని.

మిరపకోతలు సాగుతుండగా ఫలితాలొచ్చాయి. పాసయ్యాను.

అమ్మ బిర్యానీ చేస్తానంది. "వద్దమ్మా, నేను వండుతా. అక్కడ పరీక్షలైపోయాక మేం పొయ్యి చుట్టూ కూర్చుని తినే హాట్‌పాట్ మీకు పెడతా" అన్నాను.

చిలకలూరిపేటలో బస్సు దిగి ఇంకా ఆటో ఎక్కాల్సిన ఊరు మాది. అక్కడి దినుసులు ఇక్కడెక్కడ దొరుకుతాయి? వాళ్ళు గొడ్డుకొవ్వులో వేయిస్తే నేను నువ్వులనూనె పోశాను. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలే తెచ్చి, ఉడకబెట్టి, అల్లం వెల్లుల్లితో రోట్లో నూరాను. నాలుకకి తిమ్మిరెక్కించే చైనా మిరియాలు మాత్రం నా పెట్టెలో ఒక్క పొట్లం మిగిలి ఉన్నాయి. మాంసం కాగితంలా కొయ్యమంటే కొట్టతను "కూరలో కరిగిపోద్దమ్మా" అని బాధపడ్డాడు.

పొద్దు వాలుతుండగా కళ్ళంలోనే ఇటుకల పొయ్యి పెట్టాను. గిన్నెలో కోడి ఎముకల నీళ్ళు, పైన ఎర్రటి నూనె కుతకుతలాడుతున్నాయి. చుట్టూ పళ్ళేల్లో పచ్చిమాంసం, రొయ్యలు, కాలీఫ్లవర్, తోటకూర. నాయనమ్మ వాటిని చూసి అదిరిపడింది.

"పచ్చివి ముందు పెట్టి కూర్చోమంటావేంటే?"

"ఎవరిది వాళ్ళం ఇందులో ముంచి ఉడికించుకుంటాం, నాయనమ్మా."

"అందరూ ఒకే గిన్నెలోనా? ఎంగిలి కాదూ! నేను పచ్చడన్నం తింటాలే."

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. సంచిలోంచి టీ వడకట్టే జాలీలు తీసి తలా ఒకటి ఇచ్చాను. "జాలీలో వేసి ముంచు. ఉడికాక నీ పళ్ళెంలో వంచుకో. జాలీని నోటి దగ్గరికి తీసుకెళ్ళకూడదు, అంతే."

నాయనమ్మ జాలీని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత ఒక రొయ్యని గిన్నెలోకి దించి, పైకి తీసి, పళ్ళెంలో వంచుకుని నోట్లో వేసుకుంది. అందరం ఆమె మొహమే చూస్తున్నాం.

"ఇంకోటి వెయ్" అంది.

ఇక ఎవరూ ఆగలేదు. పెదనాన్న మాంసం ముక్కలు వరసగా తిని, ఉన్నట్టుండి నోరు పట్టుకున్నాడు. "అమ్మాయ్! నా నాలిక పడిపోయిందే! పక్షవాతంలాగుంది!"

అది ఆ మిరియాల పనేనని నాకు తెలుసు. అయినా పరీక్ష పరీక్షే. "రెండు చేతులూ పైకెత్తు పెదనాన్నా. ఇప్పుడు నవ్వు" అన్నాను. కూలీలు చూస్తుండగా, చేతిలో జాలీతో, ఆయన చేతులెత్తి పళ్ళికిలించాడు. నాడి చూశాను. "నీకేం కాలేదు. ఆ మిరియాల గుణమే అంత. కాసేపట్లో పోద్ది."

కళ్ళమంతా ఘొల్లుమంది. అందరికన్నా ఎక్కువ పెదనాన్నే నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ జాలీ ముంచాడు.

"ఇది నీకు నేర్పిందెవరే?" అని నాయనమ్మ అడిగింది. నా గదిలో ఉండే అమ్మాయి గురించి చెప్పాను. వాళ్ళమ్మ కూడా మిరపతోటలో కూలికి పోతుందని చెప్పాను. "ఆ తర్వాత?" అంటూ పొయ్యిలో నిప్పు ఆరేదాకా అడుగుతూనే ఉన్నారు. ఆరేళ్ళనూ ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చినట్టనిపించింది. గిన్నె అడుగున మిగిలిన ఎర్రనీళ్ళు అమ్మ అన్నంలో కలిపి అందరికీ ముద్దలు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న మా వసారాలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "బీపీ చూడమ్మా" అన్నాడు. ఆయన వెనక మిరపకాయలు ఏరే ఆడవాళ్ళిద్దరు తమ వంతు కోసం నిలబడ్డారు.