దిష్టి తీసి పారేసిన బయాప్సీ ముక్క

ఆ రోజు చెరకు లోడు దింపి వచ్చిన మా ఆయన మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని అరుగు మీదే కూర్చుండిపోయాడు. తాగడానికి కూడా ఊపిరి అందలేదు. ఫ్యాక్టరీకి ట్రాక్టరు తోలేవాడు. చుట్టా బీడీ ఏ అలవాటూ లేదు. అంతకుముందు నుంచీ దగ్గు వస్తున్నా దుమ్మువల్లే అనుకున్నాం.

చోడవరంలో ఎక్స్‌రే తీసి విశాఖ పంపించారు. అక్కడ సీటీ స్కాన్, బయాప్సీ అయ్యాయి. లంగ్ క్యాన్సర్, నాలుగో స్టేజీ. బయాప్సీ ముక్కని మైనంలో పెట్టి చిన్న బిళ్ళలా చేసి మాకిచ్చారు. దాన్ని బ్లాక్ అంటారట. పెద్ద ఆసుపత్రి డాక్టరమ్మ మళ్ళీ వచ్చేటప్పుడు అది తెమ్మంది.

"జీన్ టెస్ట్ చేద్దాం. ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మనకి కావలసిన మార్పు ఉంటే టాబ్లెట్లతోనే చాలాకాలం బాగుండొచ్చు. జబ్బు ఎలా నడుస్తుందో కూడా కొంత తెలుస్తుంది" అంది. నా ఆశంతా ఆ బిళ్ళ మీదే పెట్టుకున్నాను.

తీసుకెళ్ళాల్సిన రోజు చూస్తే బీరువాలో దాచిన బిళ్ళ లేదు. మా అత్తనడిగాను.

"బాబు ఒంట్లోంచి తీసిన రోగం ముక్కని ఇంట్లో ఎట్టుకుంటారేటే? ఉప్పూ మిరపకాయల్తో దిష్టి తీసి ఏట్లో ఇసిరీసేను" అంది, నిశ్చింతగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అన్నాను. మా ఆయనే అడ్డం వచ్చాడు.

"ఊరుకోవే. అమ్మ నా మంచికే సేసింది. మళ్ళీ తీస్తారులే."

మళ్ళీ తీశారు. ఈసారి సూది దిగాక లంగ్ కొలాప్స్ అయింది. పక్కటెముకల మధ్య ట్యూబ్ వేసి ఐసీయూలో పెట్టారు. అత్త బయట నేల మీద కూర్చుని, ఎవరు పలకరించినా తలెత్తలేదు.

రిపోర్టుకి నేనొక్కదాన్నే వెళ్ళాను.

"ఆ జీన్‌లో మార్పుంది గానీ, ఎక్సాన్ ట్వంటీ ఇన్సర్షన్ అని వేరే రకం వచ్చిందమ్మా. మనం అనుకున్న టాబ్లెట్లు దీనికి పనిచెయ్యవు. కీమో ఇద్దాం. ఎక్కువకాలం అని మాత్రం చెప్పలేను" అంది డాక్టరమ్మ.

"ముందు తీసిన బిళ్ళ ఉండుంటే?"

"ఇదే రిపోర్టు కాస్త ముందు వచ్చేది. ట్రీట్‌మెంట్ ఇదే."

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అత్తవల్ల ఏమీ కాలేదన్న నిమ్మళం కొంచెం కలిగింది. ఆయన దక్కడని తెలిసిన రోజున నాకు నిమ్మళమేమిటని ఇంకా ఏడుపొచ్చింది.

కీమోతో కొన్నాళ్ళు లేచి తిరిగాడు. ఒకసారి అడిగాడని మాడుగుల హల్వా తెప్పిస్తే, చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది "అమ్మకియ్యి" అన్నాడు. మళ్ళీ చెరకు నరికేనాటికి మనిషి లేడు.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. నేను మిషన్ కుడుతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంటుంది.

"ఒసే, ఆ ముక్క నాను పారీకపోతే బాబు బతికీవోడేటే?"

"నేదత్తా. డాక్టరమ్మే సెప్పింది."

తలూపుతుంది. మర్నాడు మళ్ళీ అడుగుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా జీన్ టెస్ట్ చేయిస్తే, రిపోర్టు రోజున పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళి డాక్టరు ఎదుట కూర్చోబెట్టండి. ఇప్పుడు తీసుకెళ్తానంటే మా అత్త ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కనంటోంది. డాక్టరమ్మ నోట వినుంటే నమ్మేది. నేను చెబితే, తనని ఓదార్చడానికి అబద్ధమాడుతున్నాననుకుంటోంది.