అమ్మ జ్ఞాపకానికి రెండు డబ్బాలు

అరసవల్లి రోడ్డులో మాది మందుల షాపు. ముప్పై ఏళ్లుగా చీటీలు చూసి మందులిస్తున్నాను కాబట్టి సగం డాక్టర్నని నా పొగరు. ఇంట్లో ఎవరికేమొచ్చినా అరలోంచి ఒక స్ట్రిప్పు తెచ్చివ్వడమే తప్ప ఆస్పత్రి గడప తొక్కేవాళ్లం కాదు.

అమ్మకి మతిమరుపు మొదలైంది. అన్నం తిన్న గంటకే "నేను తిన్నానేటిరా?" అనేది. ఒకరోజు నన్ను తన తమ్ముడనుకుని మాట్లాడింది. ఇక నన్ను పూర్తిగా మరిచిపోతుందని భయమేసి రెండు సప్లిమెంట్లు తెప్పించాను. ఒకటి సిటికోలిన్, ఇంకోటి ఆల్ఫా జీపీసీ. జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్‌ని మెదడులో రెండూ పెంచుతాయంటారు. నేను మొదటిదన్నాను. విజయనగరంలో ఉన్న చెల్లి వీడియోలు చూసి రెండోదే అంది. నెల రోజులు ఫోన్లో దెబ్బలాడుకున్నాం.

"షాపు నీదన్నయ్యా, అమ్మ నీ ఒక్కడిదేటి?" అంది.

తేలక, చెల్లి వచ్చాక అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఆ డబ్బాలు ముట్టుకోలేదు.

"ఇంకేం వాడుతున్నారు ఈవిడ?"

బీపీ బిళ్ల చెప్పాను. రాత్రిపూట దురద బిళ్ల కూడా అని చెల్లి అందించింది. మూడేళ్ల క్రితం ఒంటి దురదకి నేనే మొదలుపెట్టాను. నిద్ర బాగా పడుతోందని ఆపలేదు. చీటీ లేదు, అడిగే నాథుడూ లేడు.

"మీరు పెంచాలనుకుంటున్న ఎసిటైల్‌కోలిన్‌నే ఆ దురద బిళ్ల అడ్డుకుంటుంది. పెద్దవాళ్ల మతి మీద దెబ్బ కొడుతుంది. ముందు అది ఆపించాలి. వీటి సంగతి తర్వాత" అన్నారాయన, నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆపిన రెండు నెలలకి అమ్మ చాలావరకు తేరుకుంది. మొన్న మా అమ్మాయి వస్తే దాని మెళ్లో పుస్తెలు చూసి నా వైపు తిరిగింది.

"దీని పెళ్లెప్పుడు సేసినావురా? నన్ను పిలవనేదేటి?"

పెళ్లి నిరుడే అయింది. మొదటి అక్షింతలు వేసింది అమ్మే. ఆ సందట్లో అమ్మకి నిద్ర పట్టదని ఆ వారమంతా నేనే రోజుకి రెండు దురద బిళ్లలు వేశాను.

ఫొటోలు చూపించబోయిన అమ్మాయిని వారించాను. పిలవకపోవడం నాదే తప్పని ఒప్పుకున్నాను. అప్పటినుంచి అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు.