మావయ్యకు దక్కిన చైనా పిలుపు

పోర్టు దగ్గర ఓడల ఏజెన్సీలో ఈమధ్యే చేరిన మా అమ్మాయి, పొద్దున్నే ఇడ్లీ తింటూ, ఫోను చెప్పే చైనా మాటల్ని వల్లె వేస్తోంది. తుంగ్‌షి అంటే తోటి ఉద్యోగి, జింగ్‌లి అంటే మేనేజరు, లావ్‌బాన్ అంటే యజమాని అని అది చదువుతుంటే, ఆ మాటలు నేను నేర్చుకున్న రోజులూ, వాటితో వెలగబెట్టిన ఘనకార్యమూ గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఉక్కు కర్మాగారంలో విస్తరణ పనులు జరుగుతున్న కాలమది. యంత్రాలు బిగించడానికి చైనా వాళ్ళు వచ్చారు, వాళ్ళకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు దగ్గర నేను స్టోరు గుమస్తాని. గాజువాకలో మాది కిరాణా కొట్టు, బేరమాడకపోతే నాకు అన్నం సయించదు కాబట్టి, వాళ్ళ దుబాసీ అమ్మాయితో వేరుశెనగ చిక్కీకి రెండు మాటల చొప్పున ఒప్పందం కుదుర్చుకున్నాను. మూడు చెప్పమని గీచి అడిగితే చిక్కీ వెనక్కి తోసేసింది, అది వేరే సంగతి.

అదే కాంట్రాక్టరు కింద ఆటోనగర్ షెడ్డు నుంచి వచ్చిన మా చిన్న మావయ్య ఫిట్టరు. షాఫ్టుకి నీలిరంగు పూసి, పెద్ద బేరింగులో తిప్పి, బేరింగు మీద రంగు అంటిన మిట్టల్ని చేత్తో గీకి సమం చేయడంలో ఆయన అంతటివాణ్ణి నేను చూడలేదు. అయినా రోజుకూలీ గనుక సైటులో కుర్రాళ్ళు కూడా ఒరేయ్ అనేవారు. ఇంతలో, ఇక బేరింగుల పని చైనా ఫిట్టర్లే చేసుకుంటారని, సోమవారం నుంచి మావయ్య రానక్కర్లేదని కబురొచ్చింది. అరవైకి దగ్గరపడిన మనిషిని ఇంకెవరు పెట్టుకుంటారని అత్త గుడ్ల నీళ్ళు కుక్కుకుంది.

మావయ్య ఉండాలో వద్దో తేల్చవలసింది చైనా వాళ్ళ ముసలి ఫిట్టరు. మా కొట్టు గుమ్మమెక్కిన ప్రతివాడూ మాకు సేటుగారే, ఆ అలవాటు కొద్దీ నేను ఆయన్ని వాళ్ళ మేనేజరు ఎదుటే లావ్‌బాన్, లావ్‌బాన్ అంటూ వెంట తిరిగాను. మేనేజరు ముఖం ముడుచుకున్నాడు, ముసలాయన నావైపు చూడటమే మానేశాడు. పైవాడి ఎదుట అలా పిలిస్తే వెక్కిరింత అనుకుంటారని, చేతిపనిలో పండిన పెద్దల్ని షిఫు అంటారని, దుబాసీ అమ్మాయి చిక్కీ పుచ్చుకోకుండానే చెప్పింది.

మర్నాడు షిఫు అన్నాను. ఆయన ఆగాడు. దుబాసీ అమ్మాయిని పక్కన పెట్టుకుని నేను మావయ్య గురించి పొగడ్తల మూట విప్పబోతే చెయ్యెత్తి వారించి, మావయ్య చేసిన బేరింగు దగ్గరికే నడిచాడు. తానే షాఫ్టుకి రంగు పూసి, తిప్పించి, పైకెత్తించి, మోకాళ్ళ మీద వంగి చూశాడు. నీలి చుక్కలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క తీరుగా పడ్డాయి, ఎక్కడా మిట్టపల్లాల్లేవు. వేళ్ళతో వాటిని నిమిరి, లేచి, అందరూ వింటుండగా మావయ్యని షిఫు అని పిలిచాడు.

"ఏటంతన్నాడ్రా?" అన్నాడు మావయ్య.

"నిన్ను మేస్త్రీగారంతన్నాడు, మావయ్యా."

మావయ్య చేతుల మసి గుడ్డకి తుడుచుకున్నాడు. "అయితే రెండో బేరింగు కూడా నానే సేస్తానని సెప్పు."

చేశాడు. వాళ్ళు తిరిగి వెళ్ళేదాకా, ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పని చేశారు. నా బేరసారాలకి అక్కడ చోటే లేకపోయింది.

ఇప్పుడు అరిగిన బేరింగు విప్పేసి, పెట్టెలోంచి కొత్తది తీసి పెడుతున్నారు, పని తొందరగా అవుతోంది. సైట్లలో ఒరేయ్ అనడం తగ్గింది, అందరూ అందరినీ సార్ అంటున్నారు, మంచిదే. కానీ ఒక మనిషిని ఏమని పిలవాలో తేల్చుకోవడానికి, అతని పని ముందు మోకాళ్ళ మీద వంగేవాణ్ణి మళ్ళీ నేను చూడలేదు.