వాన కోసం పెట్టిన కన్నం

వన్‌టౌన్‌లో మా సైకిల్ షాపుకీ కరీం బాషా రేకు షాపుకీ మధ్య ఒక్కటే గోడ. అవతల నుంచి అతని సుత్తి దెబ్బలు, ఇవతల నుంచి నా తిట్లు. చాలా ఏళ్లు అలాగే నడిచింది. నేను చీపురుపల్లి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ని, అతను పుట్టింది ఈ వీధిలోనే. నన్ను జగ్గయ్య బావా అని పిలిచేవాడు. పనిలో ఎవరూ వంక పెట్టలేరు గాని పరమ పిసినారి. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగిన దానికంతటికీ మూలం అదే.

డెబ్బైల మొదట్లో అతని షాపు నిండా బకెట్లు, గరాటులు, కిరసనాయిలు డబ్బాలు ఉండేవి. రేకు పర్మిట్ మీద దొరికేది, అంటే దొరికేది కాదు. మల్కాపురం నుంచి పాత నూనె డ్రమ్ములు తెచ్చి, చీల్చి, సాపు చేసి వాడేవాడు. ఇంతలో ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. ఎర్రది, నీలంది, తేలికది. ఒకరోజు షాపు వెనకే ఉన్న కరీం ఇంటికెళ్తే పెరట్లో నీలం బకెట్ కనిపించింది. భార్య సర్దార్ బీ కొనుక్కుంది. కరీం రోజూ దాంతోనే స్నానం చేసేవాడు గాని దాని వంక చూసేవాడు కాదు.

షాపు మూసేస్తే మల్కాపురంలో బావమరిది నజీర్ గోడౌన్‌కి కాపలా ఉద్యోగం సిద్ధంగా ఉంది. నజీర్ మంచివాడు, ఎప్పుడైనా రమ్మనేవాడు. ఆ మంచితనమే కరీంకి గిట్టేది కాదు. "సుత్తి పట్టిన సేత్తో టార్చిలైటు పట్టుకోమంటాడు బావా," అనేవాడు నాతో.

అలాంటి రోజుల్లో నూకాలు వచ్చింది. ఆవిడ పొద్దున్నే హార్బరులో చేపలు కొని, సిటీ బస్సెక్కి సీతమ్మధారలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. నీళ్లు కారే సామాను బస్సులోకి ఎక్కించకూడదని రూలు. ఆ రూలులో తప్పేమీ లేదు. నా చొక్కా మీదా చేపనీళ్లు పడ్డాయి. కండక్టర్ వీర్రాజు రూలు తప్పని మనిషి. ఆ రోజు గంపలోంచి కారిన నీళ్లు ఓ గుమాస్తాగారి తెల్ల పంచె మీద పడ్డాయని ఆవిణ్ని కంచరపాలెంలో దింపేశాడు. ఆవిడ నడిచి వెళ్లేసరికి సీతమ్మధారలో ఆవిడ వాడిక ఇళ్లవాళ్లు వేరేవాళ్ల దగ్గర కొనేశారు. ఖాళీ కాని గంపతో తిన్నగా కరీం షాపుకి వచ్చింది.

"సాయిబూ, నీళ్లు కారని డబ్బా ఒకటి సేసిపెట్టు. బస్సోడు దింపేత్తన్నాడు."

"నీళ్లు కారకపోతే లోపలే ఉంటాయి. సేపలు నానిపోవా?" అన్నాడు కరీం.

"అది నాకేటి తెలుసు? సేపలు నాయి. రేకు నీది."

కరీం మొదట చేసిన డబ్బాలో చేపలు నిజంగానే నానిపోయాయి. రెండోదాని మూత ఎంత గట్టిగా పట్టిందంటే సీతమ్మధారలో ఒక ప్లీడరుగారింటి గునపంతో తెరవాల్సి వచ్చింది. మూడోదానికి లోపల, అడుగుకి కాస్త పైన, జల్లెడలాంటి రేకు బిగించాడు. చేపలు జల్లెడ మీద ఉంటాయి, నీళ్లు కిందికి దిగుతాయి, బయటికి రావు. మర్నాడు వీర్రాజు దాన్ని ఎత్తి చూశాడు, వంచి చూశాడు, కింద చెయ్యి పెట్టి తడిమాడు. తప్పు దొరక్క విజిల్ ఊదాడు.

ఏడాది తిరిగేసరికి హార్బరు ఆడవాళ్లందరి నెత్తి మీదా కరీం డబ్బాలే. షాపు నిలబడింది. కరీం ఒక డబ్బా మూత తీసి, అంచు దగ్గర రెండు కన్నాలు పొడిచి, తీగ దూర్చి, బోర్డుకి బదులుగా షాపు ముందు మేకుకి వేలాడదీశాడు. బోర్డు రాయించాలంటే ఖర్చు కదా. వానాకాలం వచ్చింది. డబ్బా నిండి, గాలికి ఊగి, వచ్చినవాళ్ల నెత్తి మీద నీళ్లు కుమ్మరించడం మొదలెట్టింది. కరీం నిచ్చెనెక్కి దాని అడుగున మేకుతో ఒక కన్నం పొడిచాడు. ఇక దాంట్లో నీళ్లు నిలవలేదు.

ఎనభైల మొదట్లో సర్కారు చేపలమ్మే ఆడవాళ్ల కోసం ఒక పథకం పెట్టింది. మెరుగైన పనిముట్లు రాయితీ మీద ఇస్తారట. ఆ ఆఫీసు ఏదో నేను చెప్పను, అక్కడ నాకింకా పనులున్నాయి. అందులో పనిచేసే శ్రీరామ్మూర్తిగారు బస్టాపులో ఈ డబ్బాలు చూసి, ఎవరు చేశారని వాకబు చేసుకుంటూ స్కూటర్ మీద షాపుకే వచ్చాడు. నిజంగా మంచి మనిషి. అలా వెతుక్కుంటూ వచ్చే ఆఫీసర్ని నేను మళ్లీ చూడలేదు.

"చాలా బావుంది బాషా. ఇది అన్ని రేవుల్లోనూ ఇవ్వొచ్చు. ఒక నమూనా ఇస్తే హైదరాబాదు పంపిస్తాను," అన్నాడు.

"నమూనాకి రేటెంతండి?"

"నమూనాకి డబ్బులు రావయ్యా."

షాపు లోపల అప్పుడే చేసిన డబ్బాలు రెండు తళతళా మెరుస్తున్నాయి. కరీం వాటి వంక ఒకసారి చూసి, నిచ్చెనేసుకుని బయట వేలాడుతున్న డబ్బా దింపాడు. లుంగీ అంచుతో తుడిచి, మూత పెట్టి స్కూటర్ వెనక కట్టాడు. ఆయన వెళ్లాక నేను ఉండబట్టలేక, "బాషా, దానికి కన్నాలున్నాయి కదా," అన్నాను.

"సూడ్డానికే కదా బావా. ఆళ్లేటి అందులో సేపలేత్తారా?"

హైదరాబాదు నుంచి డిజైను మంజూరై వచ్చింది. టెండరు వెయ్యాలంటే పరిశ్రమ అయి ఉండాలన్నారు. పాకలాంటి ఆ షాపు కాగితాల మీద మదీనా ఇండస్ట్రీస్ అయింది. మదీనా బీ అతని కూతురు. బోర్డు నేనే రాయించాను, కరీం అభ్యంతరం చెప్పలేదు. పరిశ్రమ కాబట్టి రేకు పర్మిట్ కూడా వచ్చింది. వంకర లేని కొత్త రేకు రిక్షాలో దిగిన రోజు కరీం దాని మీద అరచెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉన్నాడు. నజీర్ కబురు పెడితే, ఇక రానని చెప్పించాడు.

మర్నాడు నీలం కాగితం మీద డ్రాయింగు వచ్చింది. గీసినవాడెవడో చెయ్యి తిరిగినవాడు. ఉన్నది ఉన్నట్టు దించాడు. జల్లెడ ఉంది, మూత ఉంది. అంచు దగ్గర రెండు కన్నాలు ఉన్నాయి, పక్కన 'గాలి ఆడుటకు' అని రాసి ఉంది. అడుగున ఒక కన్నం ఉంది, పక్కన 'నీరు నిలువకుండుటకు'. కరీం పగలబడి నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. శ్రీరామ్మూర్తిగారు ఓపిగ్గా అంతా విన్నాడు.

"మీరిచ్చిన డబ్బాకే ఉంది కదయ్యా కన్నం?"

"అది వాన కోసమండి."

"వాన కోసమని అప్పుడు చెప్పలేదే!" అన్నాడు ఆయన, నిజంగా బాధపడుతూ. "ఇప్పుడు మార్చాలంటే ఫైలు మళ్లీ మొదటి నుంచి కదలాలి. మార్చి నెల దాటితే నిధులు వెనక్కి పోతాయి. అప్పుడు కన్నమూ ఉండదు, డబ్బా కూడా ఉండదు."

కురుపాం మార్కెట్ దగ్గర కరీం ఆగి, "సేసేత్తాను బావా," అన్నాడు. మల్కాపురం టార్చిలైటు అతని కళ్లలో కనిపించింది. నేను వద్దనలేదు.

చేశాడు. తనిఖీకి వచ్చినాయన ప్రతి డబ్బా అడుగు కన్నంలోనూ పెన్సిలు దూర్చి చూసి, దూరినదాన్ని పాస్ చేశాడు. అన్నీ పాసయ్యాయి. హార్బరు దగ్గర సభ పెట్టి, దండలేసి, ఆడవాళ్లకి డబ్బాలు పంచారు. నూకాలుకీ వచ్చింది. పాత డబ్బా ఇంట్లో బియ్యానికి పెట్టుకుని, కొత్తదాంతో మర్నాడు పొద్దున బస్సెక్కింది.

కంచరపాలెం రాకుండానే బస్సంతా చేపనీళ్లు. వీర్రాజు విజిల్ ఊది ఆడవాళ్లందర్నీ దింపేశాడు. మధ్యాహ్నానికి అందరూ కరీం షాపు ముందున్నారు. నూకాలు డబ్బాని అతని ముందు బోర్లించింది.

"ఈ కన్నం నీ సేత్తోనే ఎట్టినావా?"

"ప్లాన్‌లో ఉందమ్మా."

"ప్లాను బస్సెక్కుద్దేటి? బస్సెక్కేది నాను!" అంది నూకాలు. "నీ డబ్బా వొచ్చినకాడ్నుంచి ఒక్కడు నన్ను దిగమన్లేదు సాయిబూ. టిక్కెట్టు కొనుక్కుని సీటు మీద కూకున్నాను. ఈయేళ అందరూ సూత్తుండగా మళ్లీ దింపేసినాడు. ఆడిదేటి తప్పు? నువ్వు తెలిసే సేసినావు."

కరీం తలెత్తలేదు. అతను సిగ్గుపడగా చూడటం నాకదే మొదటిసారి. నాకూ సిగ్గేసింది, నేనూ ఆఫీసు నుంచి నోరు మూసుకుని వచ్చినవాణ్నే కదా. కరీం స్టవ్వు వెలిగించి టంకం పెట్టే కాడ కాల్చి, నూకాలు డబ్బా కన్నాన్ని టంకంతో మూశాడు. తర్వాత ఇంకొకావిడది. వరసగా అందరివీ మూశాడు. పైసా అడగలేదు. సర్దార్ బీ లోపల్నుంచి వచ్చి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

కొన్నాళ్లకి శ్రీరామ్మూర్తిగారు చాటుగా వచ్చి చెప్పాడు. తనిఖీ ఉందట. డిజైను మార్చిన డబ్బా దొరికితే రాయితీ తిరిగి కట్టాలట. కరీం టంకం అంతా మళ్లీ ఊడదీయాల్సి వచ్చింది. అతను తిట్టిన తిట్లలో సగం ఉర్దూ కాబట్టి సగమే నాకర్థమయ్యాయి. ఆ తిట్లు వింటూ నూకాలు నవ్వుతూ కూర్చుంది. ఉన్నట్టుండి లేచి ఇంటికెళ్లి, మొగుడి పాత వలకి ఉన్న బెండు ముక్కలు పట్టుకొచ్చింది. వలలు తేలడానికీ ప్లాస్టిక్ బంతులు వచ్చేశాయి, ఈ బెండ్లు మూల పడున్నాయి. కరీం వాటిని చెక్కి ప్రతి కన్నానికీ ఒక బిరడా చేశాడు. బస్సులో బిరడా ఉంటుంది, తనిఖీలో ఉండదు.

కథ ఇంతటితో అయిపోతే కరీం హాయిగా ఉండేవాడు. కాని ఒక సంగతి బయటపడింది. ఇదివరకు నీళ్లు పారబొయ్యాలంటే చేపలన్నీ తీసి డబ్బా బోర్లించాలి. ఇప్పుడు కాలవ దగ్గర బిరడా లాగితే చాలు. కన్నం ఉన్న డబ్బానే మంచిది. తనిఖీవాళ్లు వచ్చి ఆడవాళ్లని అడిగారు, ఆడవాళ్లు అదే చెప్పారు. కన్నం బ్రహ్మాండంగా పనిచేస్తోందని, బిరడా కూడా కలిపితే బాగుంటుందని పైకి రాశారు. కరీం పేరు రాయలేదు. రాయడానికి ఆ కాగితంలో చోటు లేదట.

ఆ తర్వాత కొన్నేళ్లు కరీం రెండో ఆర్డరు కోసం చూశాడు. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ లేస్తోంది. ఊళ్లోనే ఉక్కు తయారైతే ఇక రేకుకి పర్మిట్లెందుకని కలలు కన్నాడు. అక్కడ తీసేది కడ్డీలు, కమ్మీలేగాని రేకు కాదని నాకు ముందే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఎనభై ఏడులో కొత్త టెండరు పిలిచారు. డబ్బా ప్లాస్టిక్‌ది ఉండాలన్నారు. తేలిక, తుప్పు పట్టదు. అందులోనూ అబద్ధం లేదు. మూసలో పోసే మెషీను ఉన్నవాళ్లే టెండరు వెయ్యాలి. కరీం దగ్గర సుత్తి ఉంది. శ్రీరామ్మూర్తిగారికి అప్పటికే వేరే జిల్లాకి బదిలీ అయింది.

కొత్త డబ్బాలు పంచిన రోజే నూకాలు తన ప్లాస్టిక్ డబ్బా తెచ్చి కరీం ఒళ్లో పెట్టింది. నీలం రంగుది. కరీం మూత తీశాడు. జల్లెడ ఉంది. అడుగున కన్నం ఉంది, దారంతో కట్టిన బిరడా ఉంది. డబ్బాని నెమ్మదిగా తిప్పాడు. అంచు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

అక్కడ రెండు చిన్న కన్నాలున్నాయి. పగిలిపోకుండా చుట్టూ ఉబ్బెత్తుగా అంచు కట్టి, ఎంతో శ్రద్ధగా పోశారు.

"అయ్యేటికో ఎవులికీ తెలీదు సాయిబూ," అంది నూకాలు. "గాలాడ్డానికంటన్నారు."

కరీం లోపలికెళ్లి తీగ ముక్క తెచ్చి ఆ రెండు కన్నాల్లో దూర్చాడు. సరిగ్గా పట్టింది. అడుగున బిరడా లాగేశాడు. నిచ్చెనేసి, నమూనా దింపిన రోజు నుంచి ఖాళీగా ఉన్న మేకుకి ఆ డబ్బాని వేలాడదీశాడు. దిగి కిందనుంచి చూసి, "నాదే బావా," అన్నాడు. మొహం లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. నేను గోడ ఇవతలికి వచ్చేశాను. ఒక సైకిల్ చక్రం పట్టుకుని ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

"నా డబ్బా అలా కట్టేసినావేటి?" అంది నూకాలు. ఒక నిమిషం మీదికి చూసి, "సరే ఉండనీ. ఇంట్లో నీ పాతది ఉంది, బియ్యం తీసేత్తాను," అని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు కరీం షాపు మూసేసి మల్కాపురం వెళ్లాడు, నజీర్ గోడౌన్‌కి. సుత్తీ కత్తెరా పట్టుకెళ్లాడు. మదీనా ఇండస్ట్రీస్ బోర్డునీ ఆ నీలం డబ్బానీ మాత్రం ఉన్నచోటే వదిలేశాడు. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. డబ్బాలో చుక్క నీరు నిలవలేదు.