నాచు చారు సాక్ష్యం

కత్తి మొన ఆల్చిప్ప అంచును తట్టే చప్పుడు ముందు వినిపిస్తుంది. ఆ తర్వాతే రేకుల షెడ్డు మసకలో హేరాన్ కనిపిస్తుంది. తోంగ్యోంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే పనిలో మా ఇద్దరిదీ ఒకే బల్ల.

భర్తతో సంబంధం పెట్టుకున్న బేకరీ ఆవిడ మీద హేరాన్ నష్టపరిహారం దావా వేసింది. వీళ్ల కాపురం ముందే చచ్చిపోయిందని అవతలి వకీలు వాదించాడు. బతికే ఉందనడానికి సాక్ష్యం తెమ్మన్నాడు ఈమె వకీలు. మా వైపు పుట్టినరోజున ఇంట్లోవాళ్లు సముద్రపు నాచుతో చారు వండిపెట్టడం ఆనవాయితీ. ఏటా భర్త పుట్టినరోజుకి తను వండిన నాచు చారు, దాని ముందు నవ్వుతున్న భర్త. ఆ ఫొటోలన్నీ కోర్టుకిచ్చింది. నిన్న గెలిచింది.

"ఇంకేం, విందెప్పుడే?" అన్నాను.

ఆమె కత్తి ఆగింది.

"ఫోనంతా వెతికాను అక్కా. నా పుట్టినరోజుకి ఆయన వండిన చారు ఒక్కటీ లేదు. జడ్జిగారు అదడగలేదు కాబట్టి గెలిచాను."